వేలితో ఎత్తే కుర్చీ!

భోజనాల బల్ల దగ్గర వేసుకునే కుర్చీకి కూడా ఓ కథ ఉంటుందా? ఇటలీలో ఉంది. యుద్ధంలో కూలిన ఇళ్లు, సముద్రతీరంలోని చిన్న ఊళ్లో ఓ వడ్రంగి పనితనం, పట్టువదలని ఓ ఆర్కిటెక్టు.. ఈ మూడూ కలిస్తే పుట్టిన కుర్చీ కథ అది. దాని బరువు కిలో 700 గ్రాములే!

మిలాన్ నగరం. ఓ భవనం నాలుగో అంతస్తులో కిటికీ తెరుచుకుంది. లోపలున్న పెద్దమనిషి చేతిలోని కుర్చీని అమాంతం వీధిలోకి విసిరేశాడు. అది కిందపడింది. బంతిలా పైకి ఎగిరింది. మళ్లీ పడింది. వెళ్లి చూస్తే.. ఒక్క కాలైనా విరగలేదు!

ఆ పెద్దమనిషి జియో పోంటి. కోపంతో చేసిన పని కాదది. తాను తయారుచేయించిన కుర్చీ ఎంత గట్టిదో తేల్చుకోవడానికి పెట్టిన పరీక్ష. ఫర్నిచర్ ప్రపంచంలో ఇప్పటికీ కథలుకథలుగా చెప్పుకునే ముచ్చట ఇది.

ఆ కుర్చీ పేరు 'సూపర్‌లెజ్జెరా'. ఇటాలియన్ భాషలో లెజ్జెరా అంటే తేలికైనది అని అర్థం. సూపర్‌లెజ్జెరా అంటే మహా తేలిక అన్నమాట. 1957లో అది మార్కెట్లోకి వచ్చింది. రెండు లీటర్ల నీళ్ల సీసా కంటే తక్కువ బరువు. ఓ పిల్లాడు దాన్ని వేలితో పైకెత్తి చూపిస్తున్న ఫొటో అప్పట్లో దానికి మంచి ప్రచారం తెచ్చిపెట్టింది. చెక్కతో చేసిన కుర్చీ అంత తేలిగ్గా ఎలా ఉంటుంది? అంత తేలికైంది నాలుగో అంతస్తు నుంచి పడినా ఎలా నిలబడింది? అసలు అంత తేలికైన కుర్చీ ఎవరికి అవసరమైంది?

కూలిన ఇళ్లల్లోంచి..

మొదట ఆ మూడో ప్రశ్న సంగతి చూద్దాం. 1943 ఆగస్టులో మిలాన్ మీద బాంబుల వర్షం కురిసింది. సంగీత నాటకాలకు పేరుపడ్డ లా స్కాలా థియేటర్ దెబ్బతింది. లియొనార్డో డావిన్సీ 'లాస్ట్ సప్పర్' చిత్రం ఉన్న మఠం భోజనశాల గోడలు కూలాయి. ఆ చిత్రమున్న గోడ మాత్రం అదృష్టవశాత్తూ నిలబడింది. ఇక మామూలు జనం ఇళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. యుద్ధం ముగిసేసరికి ఎందరో నిలువనీడ లేకుండా మిగిలారు.

దాంతో ప్రభుత్వం పెద్దఎత్తున ఇళ్లు కట్టే పని మొదలుపెట్టింది. 'ఇనా-కాసా' పేరుతో 1949లో ప్రారంభమైన పథకం కింద 14 ఏళ్లలో దాదాపు మూడున్నర లక్షల ఇళ్లు కట్టారు. అన్నీ చిన్నచిన్న ఫ్లాట్లే. వంట చేసుకునే చోటే భోజనం. భోజనాల గదే రాత్రికి పిల్లల పడకగది. తాతల కాలం నాటి బరువైన కుర్చీలను, సింహాల తలలు చెక్కిన బల్లలను అలాంటి ఇంట్లో ఎక్కడ పెట్టుకుంటారు? బోయనం కాగానే పక్కకు జరపాలి, గది తుడవాలి, చుట్టాలొస్తే మరో గదిలోంచి తెచ్చి వేయాలి. ఆ పనులన్నీ చేసేది ఎక్కువగా ఇల్లాలే. కుర్చీ బరువు తగ్గడమంటే ఆమె నడుం మీద భారం తగ్గడమే!

ఇటలీ ఆర్కిటెక్టులకు అప్పట్లో చేతినిండా పని లేదు. పెద్ద భవనాలు కట్టించేవాళ్లు తక్కువ. దాంతో చాలామంది తమ బుర్రను ఇంటి సామాను వైపు మళ్లించారు. చెంచా దగ్గర్నుంచి నగరం దాకా ఆర్కిటెక్టు గీయలేనిది లేదన్న మాట ఆ తరం నోట బాగా నలిగింది. 1947లో మిలాన్ 'త్రియెన్నాలె' ప్రదర్శనను పూర్తిగా ఇంటికే కేటాయించారు. తక్కువ చోటులో, తక్కువ ఖర్చుతో కుటుంబం ఎలా బతకాలన్నదే అందులో అసలు విషయం. ఇప్పుడు వేలంపాటల్లో మెరిసిపోతున్న ఆనాటి ఇటలీ కుర్చీలన్నిటి వెనకా ఉన్నది ఈ ఇరుకిళ్ల చరిత్రే.

1945 నుంచి 1970 దాకా వచ్చిన ఈ తరహా సామానును 'మిడ్ సెంచరీ మోడ్రన్' అంటారు. శతాబ్దం మధ్యకాలపు ఆధునిక శైలి అని అర్థం. ఆ సామాను తయారుచేసినవాళ్లు పెట్టుకున్న పేరు కాదది. 1984లో కారా గ్రీన్‌బర్గ్ అనే అమెరికన్ రచయిత్రి తన పుస్తకానికి ఆ పేరు పెట్టింది. అదే స్థిరపడిపోయింది.

నూటయాభై ఏళ్లనాటి పాఠం

తేలికైన కుర్చీ కోసం పోంటి కొత్త యంత్రాల వైపో, కొత్త లోహాల వైపో చూడలేదు. వెనక్కి చూశాడు. ఏకంగా నూటయాభై ఏళ్లు వెనక్కి!

ఇటలీ వాయవ్య తీరంలో, జెనోవా నగరానికి దగ్గర్లో కియావరి అనే ఊరుంది. అక్కడ జుసెప్పె గయెతానో దెస్కాల్జి అనే వడ్రంగి ఉండేవాడు. ఊరంతా అతన్ని 'కాంపనీనో' అనే ముద్దుపేరుతో పిలిచేది. స్థానిక ఆర్థిక సంఘానికి పెద్ద అయిన స్టెఫానో రివరోలా అనే జమీందారు 1807లో పారిస్ నుంచి తెచ్చిన కుర్చీలను చూపించి, ఇలాంటివి చేయగలవా అని దెస్కాల్జిని అడిగాడు. దెస్కాల్జి వాటికి నకలు తీయలేదు. వాటి మీది అలంకారాలు తీసేశాడు. ఏ కర్ర మీద ఎంత బరువు పడుతుందో లెక్క చూసుకుని, అవసరమైనంత మందమే ఉంచి మిగతాది చిత్రిక పట్టేశాడు. సన్నగా చీల్చిన విల్లో బద్దలతో కూర్చునే చోటు అల్లాడు. చూడ్డానికి పుల్లల్లా ఉండే ఆ కుర్చీలు పెద్దమనుషుల బరువును సులువుగా మోశాయి.

ఆ కుర్చీ ఊరి పేరుతోనే 'కియావరి'గా ప్రసిద్ధికెక్కింది. పేరుమోసిన శిల్పి కనోవా మెచ్చుకున్నాడు. రాజుల భవనాల్లోకి వెళ్లింది. కియావరి చుట్టుపక్కల ఎన్నో కార్ఖానాలు వెలిశాయి. తర్వాత ఆస్ట్రియాకు చెందిన థోనెట్ కంపెనీ కర్రను ఆవిరితో వంచి చవగ్గా కుర్చీలు చేయడం మొదలుపెట్టింది. 1859లో వచ్చిన దాని '14వ నంబరు' కుర్చీ కాఫీ హోటళ్లను ముంచెత్తింది. ఆ పోటీకి తట్టుకోలేక కియావరి కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

మనకు ఈ కుర్చీ అస్సలు తెలియదనుకుంటే పొరపాటే. ఈమధ్య హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో పెళ్లి రిసెప్షన్లకు వెళ్తే సన్నటి కాళ్లతో, వెదురు కణుపుల్లాంటి నొక్కులతో, బంగారు రంగులో వరసగా వేసిన కుర్చీలు కనిపిస్తాయి. అద్దెకిచ్చేవాళ్లు వాటిని టిఫనీ కుర్చీలనీ, కియావరి కుర్చీలనీ అంటారు. లోహంతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన ఆ కుర్చీలకు మూలపురుషుడు దెస్కాల్జి కుర్చీయే. కాకపోతే ఆ వడ్రంగి కుర్చీలోని అసలు గొప్పతనమైన తేలికదనం మాత్రం వాటిలో చాలావాటికి రాలేదు!

విశేషణాలు లేని కుర్చీ

జియో పోంటి 1891లో మిలాన్‌లోనే పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడిగా పనిచేసి వచ్చి, 1921లో మిలాన్ పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ పట్టా తీసుకున్నాడు. మొదటి ఉద్యోగం పింగాణీ పాత్రల కంపెనీలో! రిచర్డ్ జినోరి సంస్థకు కళా దర్శకుడిగా గిన్నెలకూ, పూలకుండీలకూ కొత్త రూపాలిచ్చాడు. 1928లో 'దోముస్' అనే పత్రిక పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు ఇల్లు అని అర్థం. యుద్ధకాలంలో కొన్నేళ్ల విరామం తప్పిస్తే 1979లో కన్నుమూసేదాకా ఆ పత్రికను నడిపించింది అతనే. కాఫీ యంత్రం, చెంచాలు, స్నానాలగది సామాను, ఓడల్లోని గదులు.. అతని చెయ్యి పడని వస్తువు లేదు. మిలాన్‌లో 127 మీటర్ల ఎత్తున నిలిచిన పిరెల్లి టవర్ కూడా పోంటి గీసిందే. ఇంజినీరు పియెర్ లుయీజి నెర్వి సాయంతో 1960కల్లా అది పూర్తయింది.

అంతటివాడికి కుర్చీ ఓ లెక్కా అనిపిస్తుంది. కానీ పోంటికి అదే తలనొప్పిగా మారింది. ఆ రోజుల్లో ప్రతి డిజైనరూ ఓ కొత్త ఆకారంతో కుర్చీ చేసి ఔరా అనిపించాలనుకునేవాడు. పోంటి ఆలోచన దీనికి పూర్తిగా ఎదురు. కుర్చీకి విశేషణాలు అక్కర్లేదన్నాడు. విచిత్రమైన కుర్చీ, కళాత్మకమైన కుర్చీ, ఆధునికమైన కుర్చీ.. ఇవేవీ కాకుండా, ఒట్టి కుర్చీ చాలన్నది అతని వాదన. 1952లో తన పత్రికలో ఆ మాటే రాశాడు. ఆ ఒట్టి కుర్చీకి నమూనా కియావరిలో ఎప్పుడో తయారై ఉందని గ్రహించాడు. దాన్ని ఇంకా ఎంతవరకు తగ్గించవచ్చన్నదే అతని పట్టుదల.

1950ల మొదట్లో 'లెజ్జెరా' వచ్చింది. తేలిగ్గానే ఉంది, బాగానే అమ్ముడుపోయింది. మరొకరైతే అక్కడితో ఆగేవాళ్లే. పోంటి ఆగలేదు. కాళ్లు ఇంకా సన్నబడాలన్నాడు. మళ్లీ గీశాడు, మళ్లీ చేయించాడు, మళ్లీ విరగ్గొట్టించాడు. అలా కొన్నేళ్లపాటు నమూనా మీద నమూనా చేశాక 1957లో సూపర్‌లెజ్జెరా తయారైంది.

స్టంపుల చెక్క.. మూడు మూలల కాళ్లు

ఇప్పుడు మొదటి రెండు ప్రశ్నలకు జవాబు. అంత తేలిక ఎలా? అంత గట్టి ఎలా?

మొదటి రహస్యం చెక్క. సూపర్‌లెజ్జెరాను యాష్ అనే చెట్టు కలపతో చేస్తారు. మన క్రికెట్ అభిమానులకు ఆ కలప కొత్తదేం కాదు. సంప్రదాయంగా వికెట్ల స్టంపులు చేసేది దాంతోనే. సుత్తి పిడులు, గొడ్డలి పిడులు కూడా చేస్తారు. దెబ్బ తగిలితే పుటుక్కున విరగకుండా కాస్త వంగి, మళ్లీ నిటారుగా నిలబడటం దాని గుణం. పొడవాటి తిన్నని నార ఉండటంతో సన్నగా చీల్చినా బలం పోదు. కియావరి కుర్చీ అల్లికకు వాడిన విల్లో కూడా క్రికెట్ బ్యాట్ల చెట్టు కుటుంబానిదే కావడం మరో విశేషం!

రెండో రహస్యం కాళ్ల ఆకారం. మామూలు కుర్చీ కాళ్లు గుండ్రంగానో, నలుచదరంగానో ఉంటాయి. సూపర్‌లెజ్జెరా కాళ్లను అడ్డంగా కోసి చూస్తే త్రికోణం కనిపిస్తుంది. మందం 18 మిల్లీమీటర్లే. మన చిటికెన వేలికి కాస్త ఎక్కువ. మూల బయటికి ఉండటంతో కాలు ఉన్నదానికన్నా సన్నగా కనిపిస్తుంది. నలుచదరం కాలులో పనికిరాకుండా ఉండే చెక్క ఇందులో మిగలదు.

మూడో రహస్యం అతుకులు. కుర్చీ విరిగేది సాధారణంగా కర్ర మధ్యలో కాదు, రెండు కర్రలు కలిసేచోట. భోంచేశాక వెనక్కి ఒరిగి, ముందుకాళ్లు పైకిలేపి ఊగే అలవాటు ఏ దేశంలోనైనా ఉంటుంది కదా! అప్పుడు భారమంతా కూర్చునే చోటూ వెనక కాళ్లూ కలిసే అతుకుల మీద పడుతుంది. అందుకే కాళ్ల మధ్య సన్నటి అడ్డకర్రలు వేసి, ఒక అతుకు మీద పడ్డ ఒత్తిడిని మిగతావాటికి పంచారు. బెజ్జంలో కూసం వెంట్రుకవాసి ఖాళీ లేకుండా కూర్చోవాలి. ఇక్కడ అర మిల్లీమీటరు తేడా వచ్చినా కుర్చీ ఆయుష్షు తగ్గిపోతుంది.

నాలుగోది అల్లిక. కూర్చునే చోట చెక్కపలక బదులు బెత్తం నారతో వల అల్లుతారు. చెక్కపలక బరువు తగ్గుతుంది, గాలి ఆడుతుంది, మనిషి బరువు నాలుగువైపులా సమానంగా పరుచుకుంటుంది. ఈ బెత్తాన్ని ఇటాలియన్లు 'కన్నా దిండియా' అంటారు. అంటే 'భారతదేశపు బెత్తం' అని! ఎక్కడో తూర్పుదేశాల అడవుల్లో పెరిగే తీగకు వాళ్లు మన దేశం పేరు పెట్టుకున్నారు. మన పాతకాలపు పడక్కుర్చీల్లో, రైటర్ల కార్యాలయాల్లో కనిపించే కేన్ అల్లిక కుటుంబానిదే ఇదీ.

చేతుల వెనక ఊరు

పోంటి గీసిన గీతను కుర్చీగా మార్చింది కసీనా సంస్థ. మిలాన్‌కు ఉత్తరాన బ్రియాంజా ప్రాంతంలో మేదా అనే ఊరుంది. అక్కడ 1927లో చెజారె, ఉంబెర్తో అనే అన్నదమ్ములు దీన్ని నెలకొల్పారు. బ్రియాంజా అంతా వడ్రంగుల సీమ. ఒక ఇంట్లో చట్రాలు చేస్తే, పక్కింట్లో చిత్రిక పడతారు. ఒకరు అల్లిక అల్లితే, ఇంకొకరు మెరుగు పెడతారు. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకుంటాడు. పెద్ద ఫ్యాక్టరీ లేకపోయినా ఊరే ఫ్యాక్టరీలా పనిచేస్తుంది.

యుద్ధం తర్వాత కసీనాకు ఓడల్లో ఫర్నిచర్ అమర్చే పెద్ద కాంట్రాక్టులు దొరికాయి. ఓడలోని వందలాది కుర్చీలు ఒకే కొలతలో ఉండాలి, గడువులోగా అందాలి. ఆ అనుభవంతో చేతిపని చేసేవాళ్లకు యంత్రాల క్రమశిక్షణ అలవడింది. యంత్రం చెక్కను కోస్తుంది, మిగతా పని చెయ్యి చేస్తుంది. ఈ జోడీ లేకపోతే 18 మిల్లీమీటర్ల కాళ్ల కుర్చీ కాగితం మీదే ఉండిపోయేది.

ఆ రోజుల్లో ఇటలీ అంతటా ఇలాంటి జంటలే కనిపిస్తాయి. ఒక ఆర్కిటెక్టు, ఒక చిన్న తయారీదారు. ఫ్రాంకో అల్బీని అనే ఆర్కిటెక్టు 'లుయీసా' అనే కుర్చీని ఏళ్లతరబడి సవరిస్తూ పోయాడు. పోజ్జి సంస్థ ఓపిగ్గా ప్రతిసారీ చేసిచ్చింది. 1955లో దానికి 'కొంపాసో దోరో' బహుమతి వచ్చింది. బంగారు వృత్తలేఖిని అని ఆ మాటకు అర్థం. 1954లో మొదలైన ఆ పురస్కారం ఇటలీ డిజైనర్లకు ఆస్కార్ లాంటిది. ఆ బహుమతి ఆలోచన ఎవరిదనుకున్నారు? అందులోనూ పోంటి చెయ్యి ఉంది!

ఎర్ర కుర్చీ హుషారు

సూపర్‌లెజ్జెరా వచ్చిన రెండేళ్లకు మరో కుర్చీ తయారైంది. కారిమాతే అనే ఊళ్లో గోల్ఫ్ క్లబ్బు భవనాన్ని వీకో మజిస్ట్రెట్టి అనే ఆర్కిటెక్టు మరొకరితో కలిసి కట్టాడు. అందులోని భోజనశాల కోసం 1959లో ఓ కుర్చీ గీశాడు. ఇటలీ రైతుల ఇళ్లల్లో ఉండే గడ్డి అల్లిక కుర్చీయే దానికి ఆధారం. చెక్కకు మాత్రం నిగనిగలాడే ఎర్రరంగు వేయించాడు. పల్లెటూరి పిల్లకు పట్నం చీర కట్టినట్టుగా ఉందది! 1960ల్లో కసీనా సంస్థ దాన్ని పెద్దఎత్తున తయారుచేసింది. ఐరోపాలోని హోటళ్లు ఎగబడి కొన్నాయి.

పోంటి బాటలోనే మజిస్ట్రెట్టి కూడా పాతదాన్ని పారేయలేదు. అనవసరమైంది మాత్రమే తీసేశాడు. ఇటలీ భోజనాల కుర్చీలను మిగతా దేశాల వాటి నుంచి వేరుచేసేది ఇదే. అమెరికాలో వంచిన ప్లైవుడ్, జర్మనీలో వంచిన ఉక్కు గొట్టం ఆధునికతకు గుర్తులయ్యాయి. ఇటలీలో మాత్రం ఆధునికత అవ్వ వంటింట్లోంచి నడుచుకుంటూ వచ్చింది.

అచ్చులోంచి ఊడిపడింది

అంతా బాగానే ఉంది. మరి ఈ కుర్చీలు సామాన్యుడి ఇంటికి చేరాయా? ఇక్కడే చిక్కు వచ్చింది. చేతిపని ఎక్కువున్న వస్తువు చవగ్గా రాదు. కూలిరేట్లు పెరిగేకొద్దీ ధర పెరిగింది. ఇరుకిళ్ల కోసం పుట్టిన ఆలోచన కాస్తా కలవారి డ్రాయింగ్ రూముల్లోకి చేరింది.

చవక సంగతి తేల్చింది వడ్రంగులు కాదు, రసాయన శాస్త్రవేత్తలు. పోంటి చదువుకున్న మిలాన్ పాలిటెక్నిక్‌లోనే జూలియో నట్టా అనే ప్రొఫెసర్ ఉండేవాడు. 1954లో అతను పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను తయారుచేశాడు. ఆ రంగంలో కృషికి 1963లో జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లర్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. నట్టా దగ్గర చదువుకున్న జూలియో కాస్టెల్లి 1949లో కార్టెల్ అనే ప్లాస్టిక్ వస్తువుల కంపెనీ పెట్టాడు. మొదట కార్ల ఉపకరణాలు, తర్వాత బకెట్లు, వంటింటి సామాను. 1964లో మార్కో జనూసో, రిచర్డ్ సాపర్ గీసిన పిల్లల కుర్చీ. 1967లో జో కొలంబో గీసిన 'యూనివర్సాలె' కుర్చీ. పెద్దవాళ్లు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీని అచ్చులో పోసి తీయడంలో తొలి విజయాల్లో ఒకటది. దాని కాళ్లు ఊడదీసి పొట్టివో పొడుగువో మార్చుకోవచ్చు. పిల్లలకూ పెద్దలకూ ఒకే కుర్చీ! ఎంతో భవిష్యత్తు ఉందనుకున్న కొలంబో 1971లో సరిగ్గా తన 41వ పుట్టినరోజునే కన్నుమూయడం విషాదం.

1972లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం ఇటలీ గృహోపకరణాల మీద భారీ ప్రదర్శన పెట్టింది. ప్రపంచమంతా ఇటలీ వైపు చూసింది. మరుసటి ఏడాదే చమురు సంక్షోభం వచ్చిపడింది. ప్లాస్టిక్ చమురు నుంచి వచ్చేదే కాబట్టి ముడిసరుకు ధరలు చుక్కలనంటాయి. డిజైనర్ల ప్లాస్టిక్ కుర్చీల వెలుగు అక్కడితో కొంత మసకబారింది.

కానీ నట్టా పాలీప్రొపిలీన్ మాత్రం ఆగలేదు. 1963లో ఇంగ్లండ్‌లో రాబిన్ డే దాంతో బడులకూ, సభలకూ సరిపడే కుర్చీ చేశాడు. 1972లో ఫ్రాన్స్‌లో హెన్రీ మాసొనే ప్లాస్టిక్‌ను ఒకే అచ్చులో పోసి, అతుకే లేని చేతుల కుర్చీ తీసుకొచ్చాడు. దాని సంతానమే ఇప్పుడు మన ఇళ్లల్లో, టీ కొట్ల ముందు, పెళ్లి పందిళ్లలో, రచ్చబండల దగ్గర ఒకదానిలో ఒకటి దూర్చి పేర్చి కనిపించే ప్లాస్టిక్ కుర్చీ. అందరికీ అందుబాటులో ఉండే తేలికైన కుర్చీ అనే కల చివరికి ఆ రూపంలో నిజమైంది. తేడా ఏమిటంటే.. సూపర్‌లెజ్జెరా కాలు విరిగితే వడ్రంగి బాగుచేస్తాడు. ప్లాస్టిక్ కుర్చీ కాలు విరిగితే చెత్తకుప్పే గతి.

పాతదైతే బంగారమే!

ఇప్పుడు 1950ల నాటి ఇటలీ కుర్చీలు దొరికితే అదృష్టమే అంటారు సేకర్తలు. వందేళ్లు దాటితే 'యాంటిక్', అంతకన్నా కాస్త దగ్గరి కాలానివైతే 'వింటేజ్'. అసలైన తొలినాటి సూపర్‌లెజ్జెరాలు మ్యూజియాల్లోకీ, వేలంపాటల్లోకీ చేరాయి. కసీనా సంస్థ ఇప్పటికీ వాటిని కొత్తగా తయారుచేస్తూనే ఉంది. ఆ కొత్తవి కూడా మధ్యతరగతి జేబుకు అందేవి కావు.

ఇలాంటి విచిత్రం మన దేశంలోనూ జరిగింది. 1950ల్లో చండీగఢ్ కట్టేటప్పుడు ప్రభుత్వ కార్యాలయాల కోసం లె కార్బుజియె బంధువు పియెర్ జన్నరె ఆధ్వర్యంలో టేకు చెక్క, బెత్తం అల్లికతో వేలాది కుర్చీలు చేయించారు. గుమాస్తాలు దశాబ్దాలపాటు వాటి మీద కూర్చుని ఫైళ్లు రాశారు. పాతబడ్డాక తుక్కు కింద అమ్మేశారు. వాటినే విదేశీ వ్యాపారులు కొనుక్కెళ్లి, బాగుచేయించి, ఐరోపా, అమెరికా వేలంపాటల్లో లక్షల రూపాయలకు అమ్మారు. అప్పుడు మేలుకున్న మన ప్రభుత్వం 2011లో అమ్మకాలకూ, ఎగుమతులకూ అడ్డుకట్ట వేసింది. ఆ కుర్చీల స్ఫూర్తితో 2019లో కొత్త కుర్చీలు తెచ్చింది ఎవరో తెలుసా? పోంటి కుర్చీ చేసిన ఆ కసీనా సంస్థే! రోజూ వాడే వస్తువు విలువ దాన్ని వాడుతున్నంతకాలం తెలియదు అనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

కొనేముందు..

విదేశాల్లో ఉంటున్న మనవాళ్లకు పాత సామాను దుకాణాల్లో, ఇంటర్నెట్‌లో ఇలాంటి కుర్చీలు తరచూ తారసపడుతుంటాయి. అక్కడ కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

'పోంటి శైలిలో' అని రాసి ఉంటే అది పోంటి చేసింది కాదని అర్థం. 'పోంటిది కావచ్చు' అన్నా అంతే. 1950ల్లో కియావరి పద్ధతిలో కుర్చీలు చేసిన కార్ఖానాలు చాలా ఉన్నాయి. అవీ మంచివే. అయితే వాటికి పోంటి పేరు తగిలించి ధర పెంచడం మామూలే.

కాళ్లను చేత్తో తడిమి చూడాలి. సూపర్‌లెజ్జెరా అయితే త్రికోణం చేతికి తెలుస్తుంది. గుండ్రంగా ఉంటే అది కాదు. ఒక చేత్తో ఎత్తితే బరువే సగం నిజం చెప్పేస్తుంది.

చదునైన నేల మీద పెట్టి, వీపు పట్టుకుని మెల్లగా కదపాలి. కిర్రుమంటే అతుకులు వదులయ్యాయన్నమాట. మేకులు కొట్టి బాగుచేసినదైతే దూరంగా ఉండటం మేలు. మేకు సన్నటి కర్రను చీలుస్తుంది. జిగురుతో మళ్లీ బిగించినదైతే భయం లేదు.

అల్లిక కొత్తదైతే తప్పుపట్టక్కర్లేదు. బెత్తం అల్లిక కొన్నేళ్లకు వదులవడం, తెగడం సహజం. చట్రం బాగుంటే మళ్లీ అల్లించుకోవచ్చు. ఎండకూ, ఏసీ గాలికీ బెత్తం ఎండిపోయి పెళుసెక్కుతుంది. అప్పుడప్పుడూ తడిగుడ్డతో అడుగువైపు తుడిస్తే ఎక్కువకాలం మన్నుతుంది. ఇక అలాంటి కుర్చీ మీదెక్కి ఫ్యాను తుడవడం, అటక మీది డబ్బాలు దించడం మాత్రం కూడదు. అల్లిక కూర్చోవడానికే, నిల్చోవడానికి కాదు.

ఇటలీ కుర్చీయే కానక్కర్లేదు. మన ఊరి వడ్రంగి దగ్గర భోజనాల బల్లకు కుర్చీలు చేయించుకునేటప్పుడూ పోంటి పాఠం పనికొస్తుంది. ఎంత చెక్క వాడారన్నది కాదు, ఎంత చెక్క అక్కర్లేకుండా చేశారన్నదే పనితనం. బరువుంటేనే గట్టిదన్నది మనకు అలవాటైన నమ్మకం. ఇంట్లో పెద్దావిడ ఒక చేత్తో జరుపుకోగలదా, పదేళ్ల పిల్లాడు ఎత్తి పక్కన పెట్టగలడా, విరిగితే ఊళ్లోనే బాగుచేయించుకోగలమా.. ఈ మూడు ప్రశ్నలూ అడిగి చూడండి. మూడింటికీ అవునని జవాబొస్తే, దాని మీద ఏ పేరున్నా లేకపోయినా, అది మంచి కుర్చీయే!